రిజిస్టర్లో రాసిన పేరు

(కౌమార బాలికలతో పనిచేసే కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కౌమార బాలికల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయంలో నాకంటే ఎక్కువ పని చేసినవాళ్ళు ఈ గదిలో చాలామంది ఉన్నారు. బాల్యవివాహం ఆపడానికి అర్ధరాత్రి పోలీసు స్టేషనుకు వెళ్ళి కూర్చున్నవాళ్ళున్నారు. బడి మానేసిన పిల్లల్ని పత్తి చేలల్లోంచి మళ్ళీ బడికి తెచ్చినవాళ్ళున్నారు. మీకు తెలిసినదే మీకు చెప్పడం బాగుండదు. అందుకని ఈరోజు ఒక సినిమా దర్శకుడి పని గురించి మాట్లాడతాను. ఆయన తీసిన సినిమాల్లో ఒకదాన్ని మీలో కొందరు ఏదో ఒక శిక్షణలో చూసే ఉంటారు. ఇంకొకటి బహుశా ఎవరూ చూసి ఉండరు. మొదటిదాన్ని మనం ఎందుకు చూశాం, రెండోదాన్ని ఎందుకు చూడలేదు అనేదే నా ప్రశ్న.

ఆ దర్శకుడి పేరు లూకాస్ మూడిసన్. స్వీడన్ దేశస్థుడు, 1969లో పుట్టాడు. సినిమాల్లోకి రాకముందు కవి. చిన్న వయసులోనే కవిత్వం అచ్చయింది. 1998లో తీసిన మొదటి పెద్ద సినిమా ఒక చిన్న ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లల మధ్య ప్రేమ గురించి. ఇతర దేశాల్లో దాన్ని 'షో మీ లవ్' అనే పేరుతో చూపించారు. 2000లో 'టుగెదర్' తీశాడు. 1970లలో ఒకే ఇంట్లో ఉమ్మడిగా బతకాలనుకున్న వామపక్ష యువతీయువకుల గురించి, వాళ్ళ మధ్య పెరిగే పిల్లల గురించి తీసిన సినిమా అది. భర్త చేతిలో దెబ్బతిని పిల్లల్ని తీసుకుని ఆ ఇంటికి చేరిన ఒక తల్లి కథ కూడా అందులో ఉంది.

2002లో 'లిల్యా ఫరెవర్' వచ్చింది. మీరు చూసి ఉంటారన్న సినిమా ఇదే. సోవియట్ యూనియన్ కూలిపోయిన తర్వాత, పేరు చెప్పని ఒక దేశంలో, పదహారేళ్ళ లిల్యాను తల్లి వదిలేసి కొత్త మనిషితో అమెరికా వెళ్ళిపోతుంది. పిన్ని ఇల్లు ఖాళీ చేయిస్తుంది. డబ్బుల్లేవు. ప్రేమిస్తున్నానన్న అబ్బాయి స్వీడన్‌లో పని ఇప్పిస్తానంటాడు. అక్కడికి చేరగానే పాస్‌పోర్టు లాక్కుంటారు, గదిలో పెట్టి తాళం వేస్తారు. చివరికి ఆ అమ్మాయి వంతెన మీద నుంచి దూకుతుంది. దీని వెనుక నిజంగా జరిగిన సంఘటన ఉంది. 2000లో స్వీడన్‌లోని మాల్మో నగరంలో లిథువేనియా నుంచి తెచ్చిన ఒక బాలిక అలాగే దూకి చనిపోయింది. ఆడపిల్లల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా పనిచేసే సంస్థలు ఈ సినిమాను ఎన్నో దేశాల్లో చూపించాయి. మాల్డోవా లాంటి దేశాల్లో అవగాహన కార్యక్రమాలకు వాడారు. లైంగిక సేవలు కొనుక్కోవడాన్ని 1999లోనే నేరం చేసిన దేశం స్వీడన్. అలాంటి దేశంలో కూడా తలుపుల వెనుక ఏం జరుగుతోందో ఈ సినిమా చూపించింది.

సినిమా మధ్యలో ఒక చిన్న దృశ్యం ఉంటుంది. లిల్యా ఒక బల్ల మీద తన పేరు చెక్కుతుంది, ఎప్పటికీ ఉంటానని రాసుకుంటుంది. ఆ రాతే సినిమా పేరు. ఆస్తి లేదు, ఇల్లు లేదు, తల్లి లేదు. ఉన్నది ఒక్క పేరు. దాన్ని ఎవరూ కూర్చోని ఒక పాత బల్ల మీద రాసుకుంది. మనం శిక్షణల్లో ఈ దృశ్యం గురించి మాట్లాడుకోం. పాస్‌పోర్టు లాక్కున్న దృశ్యం దగ్గర ఆపి చర్చ పెడతాం. అది అవసరమే. కానీ ఆ బల్లను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ముగ్గురు పిల్లలు, ఒక గది

ఇదే దర్శకుడు పదకొండేళ్ళ తర్వాత, 2013లో, 'వీ ఆర్ ది బెస్ట్' అనే సినిమా తీశాడు. మనమే అందరికన్నా గొప్ప అని అర్థం. 1982లో స్టాక్‌హోమ్ నగరం. బోబో, క్లారా అని పదమూడేళ్ళ స్నేహితులు ఇద్దరు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, పంక్ సంగీతం వింటూ తిరుగుతుంటారు. పంక్ కాలం అయిపోయిందని అందరూ వాళ్ళకు చెబుతుంటారు. క్లాసులో పిల్లలు ఎగతాళి చేస్తారు. బోబో తల్లి విడాకులు తీసుకుంది. మంచిదే, కానీ తన జీవితం తాను సర్దుకునే హడావుడిలో ఉంటుంది.

వీళ్ళ బ్యాండు ఎలా మొదలైందో చెబుతాను, ఎందుకంటే మనకు పనికొచ్చే సంగతి అక్కడే ఉంది. స్వీడన్‌లో పురపాలక సంస్థలు కుర్రకారు కోసం కేంద్రాలు నడుపుతాయి. వాటిని పిలిచే మాటకు తీరిక సమయపు లోగిలి అని అర్థం. బడి అయ్యాక పిల్లలు అక్కడికి వెళ్ళి ఆడుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. అలాంటి ఒక కేంద్రంలో సంగీతం సాధన చేసుకునే గది ఉంది. అందులో డ్రమ్ములున్నాయి, గిటార్ ఉంది. ఆ గదిని వీళ్ళకంటే పెద్దవాళ్ళయిన మగపిల్లల బ్యాండు ఒకటి ఎప్పుడూ ఆక్రమించుకుని ఉంటుంది. చెవులు పగిలేలా వాయిస్తుంటారు. ఆడపిల్లలు చప్పుడు తగ్గించమంటే వెక్కిరిస్తారు. అప్పుడు ఈ ఇద్దరూ గమనిస్తారు: గది కావలసినవాళ్ళు ముందుగా జాబితాలో పేరు రాయాలి, ఆ మగపిల్లలు రాయలేదు. గది తమదే అన్నంత ధీమా వాళ్ళకి. వీళ్ళు వెంటనే పేరు రాసేస్తారు. మాకూ బ్యాండు ఉందంటారు. అప్పటికి బ్యాండూ లేదు, ఒక్క వాద్యం వాయించడమూ రాదు. కానీ నియమం నియమమే కాబట్టి కేంద్రం నడిపేవాళ్ళు మగపిల్లల్ని బయటికి పంపి గది వీళ్ళకిస్తారు. లోపలికి వెళ్ళాక వీళ్ళకి ఏం చెయ్యాలో తెలీదు. డ్రమ్ముల మీద కొడతారు, గిటార్ తీగలు లాగుతారు, మోత మోగిస్తారు.

వ్యాయామం టీచరు మీద కోపంతో ఆటల్ని తిడుతూ ఒక పాట కడతారు. ఉన్నది అదొక్క పాటే, సినిమా మొత్తం దాన్నే వాయిస్తారు. తర్వాత హెడ్విగ్ అనే అమ్మాయిని చేర్చుకుంటారు. ఆ అమ్మాయిది భక్తిపరులైన క్రైస్తవ కుటుంబం. శాస్త్రీయ పద్ధతిలో గిటార్ చక్కగా వాయిస్తుంది, స్కూలు కార్యక్రమంలో వాయిస్తే పిల్లలు హేళన చేశారు. దేవుడి మీద నమ్మకం లేని ఇద్దరూ, నమ్మకం ఉన్న ఒకమ్మాయీ వాదించుకుంటూనే స్నేహితులవుతారు. ఆ కేంద్రం నడిపే మగవాళ్ళలో ఒకరు గిటార్ ఎలా పట్టుకోవాలో హెడ్విగ్‌కు నేర్పబోతాడు. ఆ అమ్మాయి అతనికంటే ఎంతో బాగా వాయించి చూపిస్తుంది. ఆ దృశ్యం చూస్తే మీలో చాలామందికి ఏదో ఒక మీటింగ్ గుర్తుకొస్తుంది.

చివరికి ఇంకో ఊళ్ళో కచేరీకి వెళితే జనం బూతులు తిడతారు. వీళ్ళు ఉన్న ఒక్క పాటలో మాటలు మార్చి ఆ ఊరినే తిట్టేస్తారు. గలాటా అవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మనమే గొప్ప అని సంబరపడుతుంటారు. అంతే సినిమా. ఎవరూ బహుమతి గెలవరు, ఎవరూ ప్రసిద్ధులవరు. ఎవరికీ ఘోరం జరగదు. వెనిస్ చిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు, టోక్యో చిత్రోత్సవంలో ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. కానీ నేను తిరిగిన శిక్షణల్లో, సదస్సుల్లో ఏ ఒక్క మహిళా సంఘమూ దీన్ని చూపించగా నేను చూడలేదు. నేనూ చూపించలేదు.

జ్ఞాపకం ఎవరిది?

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పత్రికలు దీన్ని లూకాస్ మూడిసన్ సినిమా అని రాశాయి. నేనూ ఇంతవరకు అలాగే చెప్పాను. కానీ ఈ జ్ఞాపకాలు ఆయనవి కావు, ఆయన భార్య కోకో మూడిసన్‌వి. 1982లో ఆమెకు పన్నెండేళ్ళు. స్టాక్‌హోమ్‌లో ఆ జుట్టు కత్తిరించుకున్నది, ఆ పాటలు విన్నది ఆమె. 2008లో ఆ రోజుల్ని బొమ్మల కథగా గీసి పుస్తకం వేసింది. ఆ పుస్తకం ఆధారంగానే భర్త స్క్రిప్టు రాసుకున్నాడు. సినిమాలో ఆమె పేరు వేశారు. మర్యాదగానే జరిగింది. అయినా ఆ బొమ్మల కథ మన దాకా రాలేదు, సినిమానే వచ్చింది. ఒక స్త్రీ బాల్యం లోకానికి తెలియాలంటే ఇంట్లో ఒక పేరున్న దర్శకుడు ఉండాలా అనే ప్రశ్న నన్ను వదలదు. దర్శకుణ్ణి తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆడపిల్లల సినిమా తీస్తూ వాళ్ళ శరీరాల మీద కెమెరా తిప్పకుండా, వాళ్ళ వెర్రి పనుల్ని వెర్రి పనులుగానే ప్రేమించి తీశాడు. ఆ నిగ్రహం అరుదు. కానీ ఆ వివరాల నిధి ఆమె దాచుకున్నది. దాచుకునే వీలు ఆమెకు ఉంది కాబట్టే మనకు దక్కింది.

ఇది నాకెందుకు తగులుతోందంటే నాకూ ఒక బ్యాండు ఉండేది. నవ్వకండి. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల్లో హాస్టల్లో ఉండగా నలుగురం కలిసి స్టీలు పళ్ళేలు, ఇనప బకెట్టు, ఖాళీ నూనె డబ్బా మీద వాయించేవాళ్ళం. ఆదివారం బట్టలుతుక్కునే చప్టా దగ్గర మా కచేరీ. పాటలు మేమే కట్టేవాళ్ళం. నీళ్ళ చారు మీద ఒకటి, వార్డెన్ చెప్పుల చప్పుడు మీద ఒకటి, లెక్కల సారు మీద ఒకటి. రెండొందల పేజీల నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాం. వార్డెన్‌కు తెలిసి బకెట్టు లాక్కుంది, ఆడపిల్లలకు ఈ తప్పెట్లేమిటని నలుగుర్నీ నిలబెట్టింది. ఆ తిట్టు పెద్ద విషయం కాదు. నోటుబుక్కు నా దగ్గరే ఉండేది. నా పెళ్ళయిన ఏడాది అమ్మ ఇల్లు సర్దుతూ పాత కాగితాలతో పాటు దాన్నీ కిలోల లెక్కన అమ్మేసింది. అన్నయ్య ఇంటర్ నోట్సు మాత్రం అటక మీద భద్రంగా ఉంది. అమ్మను అడిగితే, "పిచ్చి రాతలు కదే అవి" అంది. నాకూ అలాగే అనిపించింది. సోషియాలజీలో డాక్టరేటు చేశాను, స్త్రీల మౌఖిక చరిత్ర గురించి పేపర్లు రాశాను, కానీ నా సొంత నోటుబుక్కు పోయినందుకు బాధపడాలని కోకో బొమ్మల కథ గురించి చదివేదాకా నాకు తోచలేదు. ఇప్పుడు ఆ పాటల్లో ఒక్క దానికి కూడా మొదటి చరణం దాటి గుర్తులేదు.

మన దగ్గర

స్వీడన్‌లో డబ్బుంది, గదులున్నాయి, మన పరిస్థితి వేరు అని మీరనవచ్చు. నిజమే. అక్కడ పురపాలక సంగీత పాఠశాలలున్నాయి, వయోజన విద్యా సంఘాలు బ్యాండ్లకు సాధన గదులిస్తాయి. అయినా ఆ గదుల్ని మగపిల్లలే నింపేవారు. గది కట్టినంత మాత్రాన అది ఆడపిల్లలది కాదని వాళ్ళూ ఆలస్యంగానే గుర్తించారు. 2001లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆడపిల్లల కోసం రాక్ సంగీత శిబిరం మొదలైంది. 2003లో స్వీడన్‌లో 'పాప్‌కొల్లో' అనే పేరుతో అలాంటి శిబిరాలు వచ్చాయి. పిల్లలకు ముందుగా ఏమీ వచ్చి ఉండక్కర్లేదు. కొద్ది రోజుల్లో బ్యాండు కట్టుకోవాలి, ఒక పాట కట్టాలి, చివరి రోజున వినిపించాలి.

మన దేశంలో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకుందాం. ఈ సినిమా వచ్చిన 2013లోనే, ఫిబ్రవరి నెలలో, కాశ్మీర్‌లో పదో తరగతి చదివే ముగ్గురు అమ్మాయిలు తమ బ్యాండును మూసేశారు. దాని పేరు 'ప్రగాశ్', వెలుగు అని అర్థం. అంతకుముందు డిసెంబరులో శ్రీనగర్‌లో జరిగిన పోటీలో వాయించారు, బహుమతి కూడా వచ్చింది. ఆ వెంటనే ఇంటర్నెట్‌లో బూతులు, అత్యాచారం చేస్తామనే బెదిరింపులు. పెద్ద ముఫ్తీ ఇది మతానికి విరుద్ధమని ఫత్వా ఇచ్చాడు. ముఖ్యమంత్రి ఆ పిల్లల్ని సమర్థించాడు, పోలీసులు కేసు పెట్టి కొందరిని అరెస్టు కూడా చేశారు. కానీ పిల్లలు మళ్ళీ వేదిక ఎక్కలేదు. ఇది ఒక మతానికో ఒక రాష్ట్రానికో చెందిన కథ అనుకుంటే పొరపాటు. ఆడపిల్ల గొంతు ఇంటి గడప దాటకూడదని మా వార్డెన్ కూడా నమ్మింది, ఆవిడ ఏ ఫత్వా ఇవ్వలేదు. శ్రీనగర్‌లో బెదిరించినవాళ్ళ పేర్లు మీద కేసు పెట్టడం సాధ్యమైంది. బెదిరింపు అవసరం లేకుండానే ఆగిపోయే బ్యాండ్ల మీద ఏ కేసు పెడతాం?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పన్నెండేళ్ళ క్రితం ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక ఊళ్ళో కౌమార బాలికల బృందంతో పనిచేస్తున్నాను. నెలకు రెండు సమావేశాలు. రక్తహీనత, బహిష్టు పరిశుభ్రత, బాల్యవివాహాల చట్టం, అక్రమ రవాణా, ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి - ఇవీ మా పాఠాలు. ఊళ్ళో కమ్యూనిటీ హాలు ఉంది. దాని తాళంచెవి యువజన సంఘం దగ్గర ఉంటుంది. యువజన సంఘం అంటే మగపిల్లలని వేరే చెప్పక్కర్లేదు. క్యారమ్ బోర్డు, వినాయక చవితికి తెచ్చిన డ్రమ్ములు అందులోనే ఉంటాయి. మా సమావేశానికి మాత్రం సర్పంచితో చెప్పించి తాళం తీయించుకునేదాన్ని. ఒకరోజు సమావేశం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆగి అడిగింది: "మేడం, ఆదివారం సాయంత్రం కూడా ఈ హాలు మాకు ఇప్పిస్తారా?"

"ఎందుకమ్మా?" అన్నాను.

"ఊకెనే మేడం. గా డ్రమ్ములు మేం గూడ కొట్టి చూస్తం."

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంట్లో అడిగారా అన్నాను. మగపిల్లలతో గొడవవుతుందేమో అన్నాను. సర్పంచికి ఏమని చెప్పాలి, ఏదైనా పని పేరు ఉంటే అడగొచ్చు, అవగాహన పాటలు నేర్చుకుంటామని రాయండి అన్నాను. ఆ అమ్మాయి "సరే మేడం" అని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు. మరుసటి ఏడాది పదో తరగతి పాసై పట్నంలో కాలేజీ హాస్టల్లో చేరింది. పెళ్ళి చెయ్యలేదు, చదువు ఆపలేదు. మా సంస్థ లెక్కల్లో ఆమె ఒక విజయం. ఆమె అడిగినదానికి నా నివేదికలో గడి లేదు. అన్యాయం జరిగితే రాయడానికి గడి ఉంది. ఊకెనే అన్నదానికి లేదు.

మనం ఆడపిల్లను బాధితురాలిగా బాగా గుర్తుపడతాం. ఆ చూపు మనకు ఉద్యమం నేర్పింది, అది పోగొట్టుకోకూడదు. కానీ కష్టం వచ్చినప్పుడే మన కంటికి కనిపించే పిల్ల, కష్టం రానప్పుడు మన కంటికి కూడా కనిపించదు. నోరు విప్పి ఫిర్యాదు చెయ్యమని ఆమెకు చెబుతాం. ఉత్తప్పుడు ఎన్నడూ గొంతెత్తి అరవని పిల్ల, చప్పుడు చేసినందుకు తిట్లు మాత్రమే తిన్న పిల్ల, ఆపద వచ్చిన రోజున ఒక్కసారిగా గొంతు ఎక్కడ నుంచి తెచ్చుకుంటుంది?

ఇది నా సొంత కోరిక కూడా కాదు, హక్కు. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఉంది. విశ్రాంతి, తీరిక, ఆట, కళల్లో పాల్గొనడం పిల్లల హక్కులని అది చెబుతోంది. మన దేశం 1992 డిసెంబరు 11న ఆ ఒడంబడికను అంగీకరించింది. మన పోస్టర్లలో చదువుకునే హక్కు ఉంటుంది, రక్షణ హక్కు ఉంటుంది. ఈ 31వ అధికరణాన్ని ఆటల పోటీల రోజున తప్ప ఎవరం తలుచుకోం. ఆడపిల్లకు తీరిక ఉండడమే మన ఇళ్ళల్లో ఒక తప్పు. ఖాళీగా కూర్చుందని చూస్తే చేతికి చీపురిస్తాం.

అందుకే మిమ్మల్ని మూడు పనులు చెయ్యమని అడుగుతున్నాను. మీరు పనిచేసే ఊళ్ళో కమ్యూనిటీ హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. దానికి ఒక రిజిస్టరు పెట్టించండి, వారంలో కొన్ని గంటలు ఆడపిల్లల పేరు మీద రాయించండి, ఎందుకు అనే గడి ఖాళీగా వదలండి. ఆ గంటల్లో మీరు పాఠం చెప్పకండి, బయట కూర్చోండి. గొడవకు ఎవరైనా వస్తే మీరు మాట్లాడండి. ఇక మూడోది, పిల్లలు రాసుకున్నవి, గీసుకున్నవి, ఫోన్లలో రికార్డు చేసుకున్నవి వాళ్ళ అనుమతితో దాచే చోటు ఒకటి మీ ఆఫీసులో పెట్టండి. ఒక ఇనప బీరువాలో ఒక అర చాలు. వాళ్ళకు నలభై ఏళ్ళు వచ్చాక వచ్చి అడిగితే ఇవ్వాలి.

లిల్యా తన పేరు బల్ల మీద చెక్కుకుంది, ఎందుకంటే ఇంకెక్కడా రాయడానికి చోటు లేదు. బోబో, క్లారా ఒక జాబితాలో రాశారు, వెంటనే గది దొరికింది. ఈ రెండు సినిమాలూ తీసింది ఒక్క మనిషే. వచ్చే సమావేశంలో రెండూ వరుసగా చూద్దామని నిర్వాహకుల్ని కోరుతున్నాను. ఆ ఊరి హాలుకు నేను మళ్ళీ వెళ్తున్నాను. ఆ అమ్మాయి ఇప్పుడక్కడ లేదు. తాళంచెవి ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది.